మాయా వాళ్ల నీళ్ల గుంత

మెక్సికో నుంచి వచ్చి నెల దాటింది. సూట్‌కేసులు అటకెక్కాయి. ఫొటోలు చూడాల్సినవాళ్లు చూశారు, "ఎంత దూరం వెళ్లొచ్చారండీ" అనాల్సినవాళ్లు అన్నారు. నాకు మాత్రం కోపం దిగలేదు. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఏ హోటల్లో దిగాలి, టికెట్టు ఎప్పుడు కొంటే చవక లాంటివి నన్నడగకండి, అవి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మా అక్కకు ఒక గుంత చూపించడానికి నేను పడ్డ తంటా మాత్రం చెబుతాను.

మర్రిగూడలో ఏర్పాట్లు

మాది మర్రిగూడ. మా బోర్ల నీళ్లలో ఫ్లోరైడు సంగతి పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు. ఆ నీళ్లు తాగి ఎదిగిన మా అక్క సారమ్మకు మోకాళ్లు వంగిపోయాయి, నడుం నిటారుగా నిలవదు. కర్ర పట్టుకుని, రెండడుగులకోసారి ఆగి నడుస్తుంది. నేను, కరుణను, అక్క కన్నా నాలుగేళ్లు చిన్నదాన్ని. నా కాళ్లు చక్కగా ఉన్నాయి. అదేం నా గొప్పతనం కాదు. నాకు ఆరేళ్లప్పుడు నల్లగొండ మిషన్ హాస్టలువాళ్లు ఇంటికొక పిల్లను తీసుకుంటామన్నారు. పెద్దది బిందె మోయగలదు, చిన్నది మోయలేదు. మా బాపు చూసింది అంతే. నన్ను పంపాడు. నేను అక్కడి నీళ్లు తాగాను, చదివాను, నర్సునయ్యాను, దవాఖానలో ముప్పై ఏళ్లు పైగా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. అక్క ఇక్కడే నీళ్లు మోసింది, అవే తాగింది, పత్తి ఏరింది.

హాస్టలు నుంచి సెలవులకొచ్చినప్పుడు ఓసారి ఒక బొమ్మల పుస్తకం తెచ్చాను. అందులో అడవి మధ్య మెట్లు మెట్లుగా లేచిన పెద్ద కట్టడం బొమ్మ ఉంది. మెక్సికోలో పాతకాలపు మాయా జాతివాళ్లు కట్టిందని, అక్కడ నది లేదని, ఎండలు ఎక్కువని కింద రాసి ఉంది. నేను చదివి వినిపిస్తుంటే అక్క భుజం మీది బిందె దించి అడిగింది.

"నది లేకుంటే గంత మంది ఏం నీళ్లు తాగిండ్రే?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. తర్వాత ఎన్ని సెలవులకొచ్చినా అదే అడిగేది, నేను రేపు చెబుతాననేదాన్ని. రిటైరయ్యాక చేతికి డబ్బు రాగానే, చెప్పడం ఎందుకు, తీసుకెళ్లి చూపిస్తానన్నాను. ఈ ప్రయాణానికి వేరే పనేమీ లేదు.

హైదరాబాదులో ఒక టూరు కంపెనీ దొరికింది. మే నెలలో రేటు తక్కువ. "అక్కడ నలభై డిగ్రీలుంటుంది, పెద్దవాళ్లు ఆలోచించుకోండి" అని ఒక కాగితం పంపారు. అది చదివి ఇద్దరం నవ్వుకున్నాం. నల్లగొండవాళ్లకు ఎండ గురించి పాఠం చెబుతున్నారు. మా ఏర్పాట్లు మేం చేసుకున్నాం. ఓఆర్ఎస్ పొట్లాలు, తలకు చుట్టుకోవడానికి నాలుగు నూలు తువ్వాళ్లు, అటుకులు, కారప్పొడి. అక్క కొంగున కట్టుకోవడానికి ఉల్లిగడ్డలు తీసిపెట్టింది. ఉల్లిగడ్డ దగ్గరుంటే వడదెబ్బ తగలదని మా దగ్గర నమ్మకం. దవాఖానలో ఎంతోమంది వడదెబ్బ రోగులకు సెలైన్ పెట్టినదాన్ని, వాళ్లలో సగం మంది జేబుల్లో ఉల్లిగడ్డ ఉండేదని అక్కకు చెప్పలేదు.

టూరు మేనేజరు ఫోను చేశాడు. మర్యాదగా మాట్లాడే కుర్రాడు.

"ఆంటీగారు నడవగలరా మేడమ్?"

"నడుస్తది. మెల్లగ నడుస్తది."

"మెల్లగా అంటే, ఎంత మెల్లగా?"

అప్పుడే నాకు ఒళ్లు మండింది. అందరి దగ్గర తీసుకున్నంత డబ్బే అక్క దగ్గరా తీసుకున్నాడు. ఆపైన, నడవలేకపోతే బాధ్యత తనదేనని ఆమె చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నాలుగో తరగతి దాకా చదివిన అక్క, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరంతా రాసిచ్చింది.

మెరిడా

మెక్సికోలో దిగగానే ఉల్లిగడ్డలు పోయాయి. బయటినుంచి కూరగాయలు తేకూడదట. కస్టమ్స్ ఆవిడ అక్క సంచీలోంచి నాలుగు గడ్డలు తీసి బల్ల మీద వరుసగా పెట్టి, వీటితో ఏం పని అన్నట్టు చూసింది. అక్క తలను చూపించింది, పైన సూర్యుణ్ణి చూపించింది. ఆవిడ నవ్వింది గానీ గడ్డలు ఇవ్వలేదు.

మెరిడా ఊళ్లోకి వచ్చాక మా నవ్వు కూడా పోయింది. మా నల్లగొండ ఎండ కాలుస్తుంది, చెమట పట్టిన నిమిషానికి ఆరిపోతుంది. మెరిడా ఎండ ఉడకబెడుతుంది. పొద్దున పది కాకముందే ఒళ్లంతా తడిసి, ఆ తడి రాత్రి దాకా ఆరదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా పని.

అయినా ఆ ఊరి మనుషులు బాగున్నారు. మా హోటలు పక్క సందులో ఒకామె మొక్కజొన్న పిండి ముద్దను అరచేతుల్లో కొట్టి రొట్టెలు చేస్తోంది. అక్క అక్కడే నిలబడిపోయింది. "మన జొన్న రొట్టెనే గదా, జర చిన్నగ చేస్తాంది" అంది. ఆమె అక్క చేతిలో ఒక ముద్ద పెట్టింది. అక్క కొట్టిన రొట్టె వాళ్లకు పెద్దదైంది, మనకు చిన్నదైంది. డబ్బులిస్తే ఆ ఒక్క రొట్టెకు తీసుకోలేదు. పక్క బండి మీద మామిడిపండు కోసి ఉప్పూ కారం చల్లి అమ్ముతున్నారు, నలభై పెసోలు. మన డబ్బుల్లో నూట ఎనభై పైచిలుకు. అక్క తింటున్నంతసేపు, ఆ డబ్బుకు మా ఊళ్లో గంపెడు వస్తాయని సణుగుతూనే ఉంది, ముక్క మాత్రం వదల్లేదు.

ఊరి మధ్యలో పెద్ద చర్చి ఉంది. మాది క్రైస్తవ కుటుంబం, అక్క ప్రార్థన చేసుకోకుండా ఏ చర్చీ దాటదు. మోకరించడం చేతకాదు కాబట్టి బెంచీ అంచున కూర్చుని చేసుకుంది. బయటికొచ్చాక లోకల్ గైడు రామోన్ చెప్పాడు, మాయా వాళ్ల గుళ్లు పడగొట్టి ఆ రాళ్లతోనే ఈ చర్చి కట్టారని. రామోన్‌కు ఇంగ్లీషు వచ్చు, నేను అక్కకు తెలుగులో చెప్పాను. అక్క గోడ వంక చూసింది.

"రాళ్లు మోసినోళ్లు మాత్రం రెండుసార్లూ వాళ్లే అయ్యుంటరు" అంది.

చిచెన్ ఇట్జా

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

చిచెన్ ఇట్జా అంటే ఆ బొమ్మల పుస్తకంలోని మెట్ల కట్టడం ఉన్న చోటు. బస్సు ఆగగానే, హైదరాబాదు నుంచి మా వెంటే వచ్చిన మేనేజరు దగ్గరికొచ్చాడు. "చాలా దూరం నడవాలి మేడమ్. ఆంటీగారు బస్సులోనే ఉంటే ఏసీ వేసి ఉంచుతారు, గంటలో వచ్చేస్తాం." గ్రూపులో ఇరవై మందీ తానా అంటే తందానా అన్నారు. ఒకావిడ తన మెడదిండు తీసి అక్క నడుం వెనక పెట్టింది కూడా. ఎంత దయ. అక్క నా మొహంలోకి చూసి, "నువ్వు పోయి రా చెల్లె" అంది.

నేను వెళ్లాను.

ఆరేళ్లప్పుడు నాకు తెలివి లేదు, పొమ్మంటే పోయాను. ఇప్పుడు ఏమైంది నాకు? గుంపుతోపాటు నడిచాను. ఆ కట్టడం ముందు నిలబడి చప్పట్లు కొడితే మెట్ల మీంచి పిట్ట కూత లాంటి చప్పుడు తిరిగొస్తుందని రామోన్ చెబితే, అందరితోపాటు చప్పట్లు కొట్టాను. పులి గాండ్రింపులా మోగే పీకలు అమ్మేవాళ్లతో బేరమాడాను. చివర్లో ఒక పెద్ద నీళ్ల మడుగు చూపించారు. సున్నపురాయి నేల కూలిపోయి భూమిలోని నీళ్లు పైకి కనపడే చోటు, సెనోటే అంటారు. గంట అన్నది రెండు గంటలైంది.

తిరిగొచ్చేసరికి అక్క కిటికీకి తల ఆనించుకుని ఉంది.

"నీళ్లేడివో చూసినవా?"

"చూసిన అక్కా. భూమిలనే ఉన్నయి."

"బోరు నీళ్ల లెక్కనా?"

"గట్లనే."

"మరి వాళ్ల కాళ్లు వంగలేదా?"

మేనేజరును అడిగితే, భోజనానికి లేటవుతోందన్నాడు. రామోన్ మాత్రం అక్క అడిగిందేమిటో నాతో మళ్లీ చెప్పించుకున్నాడు. రేపు వెళ్లే ఉష్మాల్‌లో భూమి మీద మడుగులు కూడా లేవని, అక్కడి వాళ్లు వాన నీళ్లే నేల కింద దాచుకుని తాగారని, ఆ గుంతల్లో ఒకటి లోపలికి వెళ్లగానే కనపడుతుందని చెప్పాడు. గుంత పేరు చుల్తూన్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేనేజరును, గ్రూపును, మెడదిండు ఆవిడను మనసులో వరుసగా తిట్టుకున్నాను. చివరికి తిట్లన్నీ నా దగ్గరికే వచ్చి ఆగాయి.

ఉష్మాల్

పొద్దున్నే తువ్వాళ్లు తడిపి ఇద్దరం తలలకు చుట్టుకున్నాం. గేటు దగ్గర మేనేజరు మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇక్కడ షాపులున్నాయి, ఫ్యాన్ కింద బెంచీ ఉంది. ఆంటీగారు హాయిగా..."

"నిన్న కూసున్నది. ఇయ్యాల కూసోదు."

"గ్రూపు లేటవుతుంది మేడమ్."

"గ్రూపును తీస్కపోండి. మాకు గుంత చూస్తే చాలు."

"ఏ గుంత మేడమ్?"

పది రోజులుగా మాకు మాయా వాళ్ల సంగతులన్నీ చెబుతున్న మనిషి అడిగిన ప్రశ్న అది. "నీకు తెల్వదు గదా, తెల్వనప్పుడు పక్కకు జరుగు బిడ్డా" అన్నాను. దవాఖానలో వార్డు బాయ్‌లతో మాట్లాడే గొంతు వచ్చింది నాకు. అతను జరిగాడు. రామోన్ గ్రూపును అతనికి అప్పజెప్పి మాతో వచ్చాడు.

గేటు నుంచి చిన్న ఎత్తు, కొన్ని మెట్లు. ఎవరైనా అయిదు నిమిషాల్లో ఎక్కేస్తారు. మాకు అరగంటకు పైనే పట్టింది. అక్క ఒక్కో మెట్టు మీద ముందు కర్ర పెట్టి, తర్వాత ఒక కాలు, తర్వాత రెండో కాలు. సగంలో ఆగి, "ఉండు, ఉండు" అని రాయి మీద కూలబడింది. మొహం ఎర్రబడింది, చెమట ఆగిపోయింది, మాట ముద్దగా వస్తోంది. నాడి పట్టుకుంటే పరుగెడుతోంది.

అప్పుడు వెలిగింది నా నర్సు బుర్ర. తడి తువ్వాల చల్లబరిచేది ఆరుతుంటేనే. మా ఊళ్లో నిమిషంలో ఆరుతుంది కాబట్టి చల్లగా ఉంటుంది. ఇక్కడి గాలిలో అది ఆరదు, తల మీద వేడిగుడ్డ పెట్టినట్టే. ముప్పై ఏళ్లు వడదెబ్బ చూసినదాన్ని, నల్లగొండ తెలివి తెచ్చి అక్క నెత్తిన కట్టాను. తువ్వాల విప్పి పారేసి విసరడం మొదలుపెట్టాను. మా సీసాలో నీళ్లు గేటు దగ్గరే అయిపోయాయి. బస్సులో ఐస్ పెట్టె ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్లన్నాడు మేనేజరు. ఐస్ పెట్టె బస్సులోనే ఉంది, బస్సు ఎక్కడో చెట్టు నీడలో ఉంది.

మెట్ల పక్కన ఆకులు ఊడుస్తున్న ఒకామె చీపురు పడేసి వచ్చింది. మా వయసే ఉంటుంది, మెడ దగ్గర పూల కుట్టు ఉన్న తెల్ల గౌను వేసుకుంది. పేరు ఎల్వియా అని రామోన్ తర్వాత చెప్పాడు. తన ప్లాస్టిక్ జగ్గులోంచి గ్లాసు నింపి అక్క నోటి దగ్గర పెట్టింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇది మర్రిగూడ వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మా దగ్గర చుట్టాలింటికి పోయినా, పెళ్లిలో కూర్చున్నా, గ్లాసు ముట్టుకునే ముందు "ఇవి ఏం నీళ్లు?" అని అడుగుతాం. బోరువైతే ముట్టం. ఎవరూ తప్పు పట్టరు. కళ్ల ముందు అక్క సొమ్మసిల్లుతోంది, నేను రామోన్‌ను అడుగుతున్నాను, ఇవి ఏం నీళ్లు, భూమిలోవా అని.

రామోన్ ఆమెనడిగాడు. ఆమె ఏదో చెప్పింది. అతను నాకు చెప్పేలోపే అక్క నా చెయ్యి విదిలించి గ్లాసు లాక్కుంది.

"నా బొక్కలు ఇగ ఏం వంగుతయే? వంగేటియన్నీ వంగినయి."

గటగటా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. నేను మూడో గ్లాసులో ఓఆర్ఎస్ పొట్లం కలిపాను. కాసేపటికి అక్క మొహం మామూలైంది. అప్పుడు చెప్పాడు రామోన్, ఎల్వియా అన్నదేమిటో. అవి కొనుక్కున్న క్యాను నీళ్లట. వాళ్ల ఊరి బావి నీళ్లు సున్నపురాయివి, తాగితే కడుపులో రాళ్లు వస్తాయని, ఆమె తల్లి అలాగే బాధపడి పోయిందని, అందుకే ఇంట్లో ఎవరూ తాగరని చెప్పిందట. మా ఊళ్లో కొనుక్కునే క్యాన్ల లాగే వాళ్లదీ నీలం రంగుదే, ఇరవై లీటర్లదే. ఇంత దూరం వచ్చి మా గడప ముందే నిలబడ్డట్టయింది నాకు. ఆమె చెయ్యి ఆపినందుకు క్షమించమని చెప్పమన్నాను. ఆమె అక్క మోకాళ్లు చూసి, నా వంక చూసి తల ఊపింది. మళ్లీ చీపురు తీసుకుంది.

మిగిలిన మెట్లు ఎక్కగానే ఉంది గుంత. నేల మట్టానికి రాతితో కట్టిన గుండ్రటి నోరు, ఒక మనిషి దిగేంత. చుట్టూ చదునైన రాతి నేల, నోటి వైపుకు ఏటవాలుగా. దాని మీద పడ్డ వానంతా గుంతలోకి పోయేదట. లోపల బానలా వెడల్పు, గోడలకు సున్నం పూత, చుక్క ఇంకకుండా. వానాకాలంలో నింపుకుని ఎండాకాలమంతా తాగేవాళ్లట. ఒకటి కాదు, ఊరంతా ఇలాంటివేనట. పక్కనే ఆకాశానికి లేచిన పెద్ద పిరమిడ్ ఉంది, ప్రపంచమంతా వచ్చేది దాని కోసమే. అక్క దాన్ని ఒకసారి చూసి, "మంచిగున్నది" అని మళ్లీ గుంత వైపు తిరిగింది.

"లోపల దిగి కడిగేది ఎవరు?" అని అడిగించింది.

రామోన్ ఆలోచించి, తెలియదన్నాడు. రాజుల పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి గానీ అది ఎక్కడా లేదన్నాడు.

"గది రాయరు" అంది అక్క.

నేనూ రామోన్ సాయం పట్టి ఆమెను అంచు దగ్గర కూర్చోబెట్టాం. అంచు రాయిని అరచేత్తో తడిమింది. ఎప్పుడో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది కదా, సంతోషపడుతుందనుకున్నాను. ఫొటో తీద్దామని ఫోను కూడా తీశాను. అక్క తలెత్తింది. నా అరవై ఏళ్ల బతుకులో అక్క మొహంలో కోపం చూడటం అదే మొదలు.

"మన మీద గూడ పడ్డది గదనే వాన."

నేను ఫోను దించాను.

"తక్కువ పడ్డది గానీ, పడ్డది గదా. సున్నం లేదా మన దగ్గర? రాయి లేదా? మర్రిగూడల రాయికేం తక్కువ? తవ్వేటోళ్లం మనమే ఉంటిమి గదా. ఇట్ల చేయుండ్రి అని ఒక్కడు జెప్పలేదు. బోరెయ్యిండ్రి, బోరెయ్యిండ్రి అన్నరు. ఎంత మంది సార్లు వచ్చిండ్రు, నా కాళ్లు ఫొటోలు తీస్కపోయిండ్రు. ఇది ఎరికైనోడు ఒక్కడు లేకుండెనా?"

ఆ సార్లలో నేనూ ఉన్నాను. దవాఖాన క్యాంపుకని వచ్చి, అక్క వయసు ఆడవాళ్ల మోకాళ్లు కొలిచి రిజిస్టరులో రాసుకుని పోయిన బ్యాచిలో నేనూ ఉన్నాను. అదే మాట అక్కతో అన్నాను. "ఎరికే" అంది.

బస్సు దగ్గరికి చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. గ్రూపులో ఒక పెద్దమనిషి, ఒక్కరి కోసం ఇంతమంది ఎండలో మాడాలా అన్నాడు. "బస్సుల ఏసీ ఉన్నది గదా సార్, నిన్న మీరే జెప్పిండ్రు" అన్నాను. మిగతా రెండు రోజులూ మాతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, మాకూ హాయిగానే ఉంది.

మళ్లీ మర్రిగూడ

ఇప్పుడు మా ఊళ్లో నల్లా తిప్పితే కృష్ణ నీళ్లు వస్తాయి. వచ్చినందుకు సంతోషమే. అవి వచ్చేనాటికి అక్క కాళ్లు ఎప్పుడో వంగిపోయాయి, బాపు వంగిన నడుంతోనే పోయాడు, ఆయన్ను పెట్టెలో పడుకోబెట్టడానికి ఎంత కష్టపడ్డామో నాకే తెలుసు. అందుకే ఎవరైనా "ఇప్పుడు బాగైంది కదా" అంటే నాకు మంటెత్తుకొస్తుంది.

మేం వచ్చిన ఆదివారం అక్క ఇంటి ముందు వాడకట్టు ఆడవాళ్లంతా చేరారు. నేను తెచ్చిన నువ్వుల మిఠాయి పంచుతున్నాను. పక్కింటి లక్ష్మమ్మ అక్క మంచం కోడు మీద చెయ్యేసి అడిగింది.

"ఇమానమెక్కి పోయినవు, ఏం జూసొచ్చినవే సారమ్మా?"

"గుంత జూసొచ్చిన."

ఆడవాళ్లు నవ్వారు. లక్ష్మమ్మ మరీ నవ్వింది.

"గుంత జూడనీకి గంత దూరం పోవాల్నా?"

అక్క నవ్వలేదు. కర్రను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుంది.

"మనూర్ల ఉంటే, ఎందుకు పోదునే?"